సర్వీసింగ్ చేయించినా అరిగిపోయిన పార్టులు ఎందుకు దొరకవు, వాటిని మనమే ఎలా పట్టుకోవాలి

సర్వీసింగ్ చేయించి అప్పటికి ఇరవై రోజులు కూడా కాలేదు. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగుతున్నాం, వెనక సీట్లో అమ్మా, పిల్లలిద్దరూ. ఒక మలుపు దగ్గర బ్రేకు తొక్కగానే ఎడమ ముందు చక్రం దగ్గర్నుంచి ఇనుము మీద ఇనుము గీకినట్టు గరగరమని చప్పుడు వచ్చింది, కాలి కింద పెడల్ సన్నగా వణికింది. బండిని సెకండ్ గేర్‌లోకి దించి, బ్రేకు వీలైనంత తక్కువగా వాడుతూ, డ్యామ్ దాటి అవతలి ఘాట్ ఎక్కి సున్నిపెంట చేరేసరికి నా చొక్కా తడిసిపోయింది. అక్కడ ఒక చిన్న షెడ్డులో మెకానిక్ చక్రం విప్పాడు. బయటి ప్యాడ్ సగానికి పైగా ఉంది. లోపలి ప్యాడ్‌కి మాత్రం లైనింగ్ అన్నదే లేదు, వెనకాల ఉండే ఇనుప రేకు నేరుగా డిస్కుని కోస్తోంది, డిస్కు మీద వేలు పెడితే గాడి తగులుతోంది. ప్యాడ్లని పట్టుకుని డిస్కుకి నొక్కే క్యాలిపర్ జారాల్సిన పిన్ను పట్టేసింది. సుత్తితో మెల్లగా తట్టి, ఆయిల్ కొట్టి, పావుగంట తిప్పలు పడ్డాక ఊడింది, చూస్తే ఒంటినిండా గోధుమరంగు తుప్పు, దాన్ని కప్పి ఉండాల్సిన రబ్బరు బూటు చిరిగిపోయి ఉంది.

ఇరవై రోజుల కిందటి బిల్లు డాష్‌బోర్డులోనే ఉంది. తీసి చూశాను. "బ్రేక్ చెకింగ్ - ఓకే" అని టిక్కు పెట్టి ఉంది.

ఆ రోజు నుంచి నేను సర్వీసింగ్‌కి బండి ఇచ్చే పద్ధతే మార్చుకున్నాను. తెలిసిన మెకానిక్కులతో కూర్చుని మాట్లాడాను, నా బండి లిఫ్టు మీద ఉన్నప్పుడు పక్కనే నిలబడి చూశాను. ఇందులో ఎక్కువ భాగం ఎవరైనా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు, ఒక టార్చి, ఫోను కెమెరా, అరగంట ఓపిక ఉంటే చాలు.

ముందు అసలు ఎందుకు వదిలేస్తారో తెలుసుకోండి

కారుతో పాటు ఇచ్చిన పుస్తకం తీయండి, చాలామంది దాన్ని ప్లాస్టిక్ కవరులోంచి కూడా తీసి ఉండరు. చివర్లో సర్వీసింగ్ పట్టిక ఉంటుంది, అడ్డంగా కిలోమీటర్లు, నిలువుగా పార్టులు. చాలా కంపెనీలు గడుల్లో రెండు అక్షరాలు వేస్తాయి, ఇంగ్లిష్ 'ఆర్' అంటే మార్చాలి, 'ఐ' అంటే చూడాలి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ లాంటివాటికి 'ఆర్' ఉంటుంది. వాటిని మార్చకపోతే బిల్లులో పార్టు రాయలేరు కాబట్టి అవి మారతాయి, అక్కడ పెద్దగా గొడవ ఉండదు. బ్రేకు ప్యాడ్లు, సస్పెన్షన్ కీళ్ళ దగ్గర ఉండే రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు, యాక్సిల్ బూట్లు, గొట్టాలు, బెల్టులు, వీటన్నిటికీ ఎక్కువగా 'ఐ' ఉంటుంది. అంటే ఆ పని మొత్తం ఒక మనిషి కంటి మీదా, ఆ మనిషికి దొరికే టైము మీదా ఆధారపడి ఉంది.

ఆ టైము ఎంత? బండి పొద్దున ఇస్తే సాయంత్రం వస్తుంది కాబట్టి రోజంతా దాని మీద పని చేశారనుకుంటాం. నేను చూసినంతలో మెకానిక్ చేతులు బండి మీద ఉండేది గంట, మహా అయితే గంటన్నర. మిగతాదంతా క్యూలో, వాషింగ్ దగ్గర, పార్టు వచ్చేదాకా ఎదురుచూపుల్లో పోతుంది. ఆ గంటన్నరలో నాలుగు చక్రాలూ విప్పి, క్యాలిపర్లు ఊడదీసి, డ్రమ్ములు తెరిచి చూడటం కుదిరే పని కాదు. చాలాచోట్ల క్యాలిపర్ శుభ్రం చేయడం, డ్రమ్ములు విప్పి దుమ్ము తీయడం మామూలు సర్వీసింగ్ ప్యాకేజీలోనే ఉండవు, వాటికి విడిగా లేబర్ చార్జీ ఉంటుంది, మనం అడిగితే తప్ప జాబ్ కార్డులోకి, అంటే చేయాల్సిన పనులు రాసే కాగితంలోకి రావు. అదే సమయంలో బండి తీసుకుని మనతో మాట్లాడే సర్వీస్ అడ్వైజర్ మనకి ఇంజిన్ కోటింగ్, వ్యాక్స్ పాలిష్, ఏసీ క్లీనింగ్ గురించి మాత్రం గట్టిగా చెబుతాడు, ఎందుకంటే అమ్మాల్సిన టార్గెట్లు ఉన్నది వాటి మీదే. ఆ కుర్రాడిని తిట్టి లాభం లేదు, అతని జీతం ఆ లెక్క మీద నడుస్తోంది. కానీ ఆ రెండు వేలు పాలిష్‌కి బదులు బ్రేకుల పనికి పెట్టించుకోవడం మన చేతిలోనే ఉంది.

ఇంకో కారణం కిలోమీటర్ల లెక్క. ఆయిల్ తిరిగినదాన్ని బట్టి పాడవుతుంది, రబ్బరు మాత్రం బండి నిలబడి ఉన్నా ఎండకీ వేడికీ గట్టిపడి పగులుతుంది. పట్టికలో '10,000 కి.మీ. లేదా 1 సంవత్సరం, ఏది ముందైతే అది' అని రాసి ఉంటే ఆ 'సంవత్సరం' అన్న మాట మన కంటికి కనిపించదు. చాలా పుస్తకాల్లో 'కఠినమైన పరిస్థితులు' అని ఇంకో చిన్న పట్టిక ఉంటుంది, దుమ్ము రోడ్లు, విపరీతమైన వేడి, ఆగుతూ కదులుతూ పోయే ట్రాఫిక్, అస్తమానూ చిన్న చిన్న దూరాలు తిరగడం లాంటివి అందులో వస్తాయి. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్ళి వచ్చే బండికి వర్తించేది ఆ రెండో పట్టికే. రెంటచింతల, రామగుండం ఎండల్లో బయట నిలబడే బండికి కూడా అంతే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది టాపప్, అంటే తగ్గినదాన్ని పైనుంచి పోసి నింపేయడం. దీని గురించి ఎవరూ మాట్లాడరు. బ్రేకు ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ మేరకు పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం కొంచెం కొంచెం దిగుతుంది. అంటే ఆ మట్టం మనకి ఉచితంగా దొరికే సూచన. బాగా దిగితే మీటర్ దగ్గర ఎర్ర లైటు కూడా వెలుగుతుంది, చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు లైటూ ఇదీ ఒకటే. సర్వీసింగ్‌లో ప్రతిసారీ దాన్ని నిండా పోసేస్తే ఆ సూచన చెరిగిపోయినట్టే. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ కూడా ఇంతే, అది మూసి ఉన్న వ్యవస్థ, మామూలుగా తగ్గకూడదు, తగ్గిందంటే ఎక్కడో పోతోంది. మీ పాత బిల్లులు మూడు నాలుగు ముందేసుకుని చూడండి. బ్రేక్ ఆయిల్ టాపప్, కూలెంట్ టాపప్ అని రెండు మూడు సార్లు వరుసగా కనిపిస్తే, ఈసారి పోయకముందే "ఎందుకు తగ్గింది?" అని అడగండి.

బ్రేకులు: ఎక్కువ టైము ఇక్కడే పెట్టండి

మన చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ముందువైపు క్యాలిపర్‌కి పిస్టన్ ఒక్కటే ఉంటుంది, అది లోపలివైపు. బ్రేకు తొక్కగానే పిస్టన్ లోపలి ప్యాడ్‌ని డిస్కుకి నొక్కుతుంది, ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ని కూడా లాక్కొచ్చి నొక్కుతుంది. ఆ జారడం ఆగిపోతే పని భారం మొత్తం లోపలి ప్యాడ్ మీద పడుతుంది. నా బండికి జరిగింది ఇదే. సర్వీసింగ్‌లో మెకానిక్ అల్లాయ్ చక్రం చువ్వల సందుల్లోంచి చూసి ఓకే అని ఉంటాడు, అక్కడి నుంచి కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే. అది నిజంగానే బాగుంది.

లోపలి ప్యాడ్ చూడటానికి ఇలా చేయండి. బండిని సమంగా ఉన్న నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ ఆపే ముందు స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పండి. ముందు చక్రం వెనక భాగం బయటికి తిరుగుతుంది. బండి తిరిగి వచ్చిన వెంటనే అయితే డిస్కు కాలుతూ ఉంటుంది, గంట ఆగండి. ఫోనులో ఫ్లాష్ వెలిగించి వీడియో మోడ్‌లో పెట్టి, చేయి చక్రం వెనక్కి పోనిచ్చి క్యాలిపర్ చుట్టూ మెల్లగా తిప్పండి. తర్వాత నీడలో కూర్చుని వీడియో ఆపి ఆపి చూస్తే డిస్కుకి రెండు వైపులా ప్యాడ్ల అంచులు కనిపిస్తాయి. కొత్త ప్యాడ్ లైనింగ్ సుమారు 10 మి.మీ. ఉంటుంది, 3 మి.మీ. దగ్గరికి వస్తే మార్చేయాలి. ఇక్కడ కొలత కంటే తేడా ముఖ్యం. లోపలిది 4, బయటిది 7 ఉంటే, రెండూ ఇంకా పనికొస్తాయి కదా అని వదిలేయకండి, పిన్ను పట్టేస్తోందని అర్థం. కుడి ఎడమల మధ్య తేడా ఉన్నా అదే అనుమానించాలి. కాసేపు తిరిగాక ఒక చక్రం దగ్గర మాత్రం వేడి సెగ ఎక్కువ తగులుతున్నా, మైలేజీ ఊరికే పడిపోయినా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగినా కూడా అంతే.

కొన్ని ప్యాడ్లకి చిన్న ఇనుప నాలుక ఉంటుంది, అరిగాక అది డిస్కుకి తగిలి కీచుమంటుంది. దాని మీద నమ్మకం పెట్టుకోకండి, చాలా సెట్లలో అది ఒక్క ప్యాడ్‌కే ఉంటుంది, బయట కొన్న చవక ప్యాడ్లకి అసలు ఉండకపోవచ్చు.

పిన్నులకి పెట్టే గ్రీజు గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇక్కడ మంచి మెకానిక్కులు కూడా పొరబడతారు. చక్రాల బేరింగులకి వాడే మామూలు గ్రీజు పెట్టకూడదు, పెట్రోలియం గ్రీజుకి ఆ రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి, ఉబ్బితే పిన్ను ఇంకా గట్టిగా పట్టేస్తుంది. బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబులు స్పేర్ పార్టుల షాపుల్లో దొరుకుతాయి. నేనైతే ఒక ట్యూబు కొని బండిలోనే పెట్టుకున్నాను, మెకానిక్ చేతికి నేనే ఇస్తాను.

బ్రేక్ ఆయిల్ గాలిలోంచి తేమ పీల్చుకుంటుంది, మూత బిగించే ఉన్నా గొట్టాల్లోంచీ సీళ్ళలోంచీ ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా చేరుతుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ బాగా చేరాక ఆ హద్దు 155 దాకా దిగిపోవచ్చు. ఊళ్ళో తిరిగితే తేడా తెలియదు. తిరుమల ఘాట్లోనో, అరకు ఘాట్లోనో నిండు బండితో దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కితే వేడికి ఆయిల్ మరిగి బుడగలు లేస్తాయి, పెడల్ దూదిలా మెత్తగా కిందికి పోతుంది. ఎక్కువ కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి, మీ పుస్తకంలో ఎంత ఉందో చూడండి. టాపప్ చేస్తే మార్చినట్టు కాదు, పాతది తీసేసి నాలుగు చక్రాల దగ్గరా గాలి తీస్తూ కొత్తది నింపాలి.

వెనక డ్రమ్ముల్లో అరిగిన పొడి బయటికి పోయే దారి లేక లోపలే పేరుకుంటుంది. హ్యాండ్ బ్రేకు కొత్తలో ఎన్ని టిక్కులకి పట్టేదో గుర్తుంటే చాలు, ఇప్పుడు రెండు మూడు ఎక్కువ పడుతుంటే డ్రమ్ములు తెరిపించండి. తెరిచినప్పుడు లోపల బ్రేకు షూలని తోసే వీల్ సిలిండర్ రబ్బరు కొసలు పైకెత్తి తడి ఉందేమో చూడమనండి. తడి ఉంటే ఆయిల్ లీకవుతోంది, అది షూల మీద పడితే ఆ చక్రానికి బ్రేకు లేనట్టే.

కింద ఉండే రబ్బరు

స్పీడ్ బ్రేకర్ల మీద వచ్చే చప్పుళ్ళకి మనం తొందరగా అలవాటుపడిపోతాం, పాటల సౌండు కొంచెం పెంచేస్తాం. సర్వీసింగ్‌లో ఇవి దొరకకపోవడానికి ఒక కారణం ఉంది. లిఫ్టు మీద చక్రాలు గాల్లో వేలాడుతుంటే సస్పెన్షన్ మీద బండి బరువు ఉండదు, బరువు పడితేనే కదిలే లింక్ రాడ్డు (బండి పక్కకి వాలకుండా ఆపే కడ్డీని సస్పెన్షన్‌కి కలిపేది), బరువు పడితేనే నలిగే బుష్ అప్పుడు బుద్ధిగా కూర్చుంటాయి. కింద నిలబడి టార్చి వేసి చూస్తే పైకి అంతా బాగానే కనిపిస్తుంది. ఇనుప కడ్డీ ఒకటి సందులో పెట్టి మీటాలి, లేదా మెకానిక్ మన పక్కన కూర్చుని బండి నడిపి చూడాలి. రెండూ టైము తినే పనులే.

మనం చేయగలిగింది ఇది. ఆదివారం పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు, పాటలూ ఏసీ ఫ్యానూ ఆపి, అద్దాలు దించి, గతుకుల రోడ్డు మీద పదిహేను ఇరవై వేగంతో వెళ్ళండి. కుడి చక్రాలు మాత్రమే గతుకులో పడేలా ఒకసారి, ఎడమవి పడేలా ఒకసారి. చిన్న చిన్న గతుకులకే టకటక అంటే ఎక్కువసార్లు స్టెబిలైజర్ లింక్ రాడ్డు. బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు పాత తలుపులా కిర్రుమంటే గట్టిపడిన బుష్. గుంతలో పడ్డప్పుడు దడ్‌మని ఒకటే దెబ్బ వినిపించి, బండి ఆపి ఉంచి స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు మీటినట్టు చప్పుడొస్తే షాకబ్జర్ పైన ఉండే మౌంటు. ఇవి అనుమానాలే, తేల్చాల్సింది మెకానిక్, కానీ "ఏదో చప్పుడొస్తోంది" అని చెప్పడానికీ, "ఎడమ ముందు చక్రం చిన్న గతుకులో పడితే టకటకమంటోంది, బండి ఆపి స్టీరింగ్ తిప్పితే రావట్లేదు" అని చెప్పడానికీ చాలా తేడా ఉంటుంది. వీలైతే ఫోనులో చప్పుడు రికార్డు చేసి పెట్టుకోండి, షెడ్డుకి వెళ్ళిన రోజే అది రాదు.

దీనికి సంబంధించిందే అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం. ముందు టైర్లు లోపలి అంచు దగ్గర మాత్రమే అరుగుతుంటే అందరూ అలైన్‌మెంట్ చేయించుకోమంటారు, చేయిస్తాం, మూడు నెలల్లో మళ్ళీ మొదటికొస్తుంది. చక్రాన్ని కింద నుంచి పట్టుకుని ఉండే లోయర్ ఆర్మ్ బుష్ పగిలి ఉంటే కంప్యూటర్ మీద ఎన్ని ఆకుపచ్చ గీతలు చూపించినా ఏం లాభం లేదు, రోడ్డెక్కి బ్రేకు వేయగానే ఆర్మ్ కదిలి చక్రం కోణం మారిపోతుంది. ముందు బుష్‌లూ, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్లూ, బాల్ జాయింట్లూ చూపించి ఆ తర్వాతే అలైన్‌మెంట్‌కి డబ్బులు పెట్టండి. చక్రం గాల్లో ఉన్నప్పుడు పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతుంటే బాల్ జాయింటో బేరింగో అనుమానించాలి, పక్కలా పట్టుకుని ఊపితే ఆడుతుంటే టై రాడ్ ఎండు. దీన్ని షెడ్డులో చేయించండి, ఇంటి దగ్గర బండితో ఇచ్చిన జాకీ మీద లేపి ఊపొద్దు, ఆ జాకీ చక్రం మార్చుకోవడానికే. దాని మీద నిలబడ్డ బండి కిందికి తల పెట్టడం మాత్రం ఎప్పటికీ వద్దు.

యాక్సిల్ బూటు చాలా చిన్న వస్తువు. ముందు చక్రాలకి ఇంజిన్ నుంచి వచ్చే కడ్డీ చివర, మడతలు మడతలుగా ఉండే నల్లటి రబ్బరు తొడుగు. దాని లోపల గ్రీజు నిండి ఉంటుంది. మడతల లోయల్లో పగులు మొదలవుతుంది, మడతలు విప్పి చూస్తే తప్ప తెలియదు. పూర్తిగా చిరిగితే చక్రం తిరిగే వేగానికి గ్రీజు చిమ్మి చక్రం లోపలి అంచు మీదా, చుట్టుపక్కల ఇనుము మీదా నల్లగా చారలు పడతాయి. ఆ దశలో పట్టుకుంటే కొత్త బూటు, గ్రీజు, కొంత లేబరు, కొన్ని వందల్లోనో వెయ్యి రెండు వేల్లోనో పోతుంది. పట్టుకోకపోతే లోపలికి దుమ్మూ వాననీళ్ళూ చేరి జాయింటు అరిగి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి యూటర్న్ తీసుకునేటప్పుడు కటకటమని మొదలవుతుంది, అప్పుడు యాక్సిలే మార్చాలి. ప్యాడ్ కోసం వీడియో తీస్తారు కదా, ఆ వీడియోనే రెండు సెకన్లు ఎక్కువ తీసి బూటు కూడా చూసేయండి.

వేగం పెరిగేకొద్దీ గుంయ్‌మని పెరిగే చప్పుడు వస్తుంటే టైరు చప్పుడని కొట్టిపారేయకుండా, ఖాళీ రోడ్డు మీద మెల్లగా కుడికీ ఎడమకీ వంపులు తీసుకుని చూడండి. కుడికి తిప్పినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, అప్పుడు చప్పుడు పెరిగితే ఎడమ బేరింగ్‌ని అనుమానించండి.

బానెట్ కింద

కూలెంట్ సంగతి. మట్టం తగ్గితే బోరు నీళ్ళు పోసేవాళ్ళని చాలామందిని చూశాను. మన బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం ఎంతుంటుందో బకెట్ల అంచులు చూస్తే తెలుస్తుంది, అదే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా ఆపే రసాయనాలు కూడా కాలంతో పాటు అయిపోతాయి, రంగు ఇంకా పచ్చగా ఉందంటే బాగున్నట్టు కాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మాత్రమే, అంటే పొద్దున్నే, పైన గొట్టాన్ని వేళ్ళతో నొక్కి చూడండి. క్లిప్పు దగ్గర ఉబ్బి మెత్తగా ఉన్నా, నొక్కితే ఎండిన కొమ్మలా పటపటమన్నా మార్చేయాలి. క్లిప్పుల చుట్టూ, వాటర్ పంపు కింద రంగు మరక ఎండిపోయి కనిపిస్తే అక్కడి నుంచి కారుతోంది. రేడియేటర్ మూత కూడా అరిగే వస్తువే, దాని రబ్బరు వాషర్ పాడైతే ఒత్తిడి నిలవదు, ఒత్తిడి లేకపోతే కూలెంట్ తొందరగా మరుగుతుంది. వేడి ఇంజిన్ మీద ఆ మూత తీయొద్దు, మరిగే నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

ఇంజిన్ వాల్వులని సమయానికి తెరిపించి మూయించే టైమింగ్ బెల్టు విషయంలో ముందు మీ బండికి బెల్టు ఉందా, చైను ఉందా అన్నది కనుక్కోండి. మారుతి కె సిరీస్ పెట్రోల్ ఇంజిన్లకి చైను, డస్టర్ 1.5 డీజిల్‌కి బెల్టు. బెల్టైతే పుస్తకంలో ఇచ్చిన కిలోమీటర్లు గానీ ఏళ్ళు గానీ ఏది ముందైతే అప్పుడు మార్చాల్సిందే, తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ళు బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకోండి. బయట కనిపించే ఫ్యాన్ బెల్టు పగుళ్ళు లేవని వదిలేస్తారు, ఇప్పటి బెల్టుల రబ్బరు తొందరగా పగలదు, గాడులు అరిగి లోతెక్కుతాయి, వేలితో తడిమితేనే తెలుస్తుంది. ఇంజిన్ ఆపేశాకే.

టైర్ల గురించి అందరికీ తెలుసు కాబట్టి రెండు మాటలు. పక్కన డాట్ అన్న ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాడి లోతు 1.6 మి.మీ. కంటే తగ్గితే చట్టప్రకారం నడపకూడదు, గాడుల మధ్యలో ఉండే చిన్న దిమ్మెలు అంత ఎత్తే ఉంటాయి, టైరు వాటితో సమమైతే అయిపోయినట్టే. స్టెప్నీ మీద కూడా అవే నాలుగు అంకెలు చూడండి, గాలి కొట్టించండి, సర్వీసింగ్‌లో డిక్కీ తెరిచి దానికి గాలి చూసినవాళ్ళని నేను చాలా అరుదుగా చూశాను.

సీఎన్‌జీ బండైతే సిలిండర్‌కి మూడేళ్ళకోసారి హైడ్రో టెస్టు, అంటే నీళ్ళ ఒత్తిడితో చేసే పరీక్ష, తప్పనిసరి. మామూలు సర్వీసింగ్‌లో దాని ఊసే రాదు, ప్లేటు మీద తేదీ మీరే చూసుకోవాలి.

తిరగని బండ్లు

ఇది ప్రత్యేకంగా రాయాలనిపించింది, ఎందుకంటే మా వీధిలోనే నాలుగున్నాయి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, బండి గుంటూరులోనో కరీంనగర్‌లోనో అమ్మానాన్నల దగ్గర ఉంటుంది, నెలకోసారి గుడికీ, ఆసుపత్రికీ తీస్తారు. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు. అక్కడి నుంచి ఫోనులో సర్వీసింగ్ బుక్ చేస్తారు, డబ్బులు కడతారు, 'పూర్తయింది' అని మెసేజ్ వస్తుంది, మనసు కుదుటపడుతుంది. కానీ ఆ బండి ఆరేళ్ళదైతే దాని రబ్బరూ, బ్రేక్ ఆయిలూ, టైర్లూ కూడా ఆరేళ్ళవే, మీటర్‌లో పన్నెండు వేలే ఉండటం వల్ల అడ్వైజర్‌కి గానీ మెకానిక్‌కి గానీ అనుమానం రాదు. కదలకుండా ఉండే పిన్నులు ఇంకా తొందరగా పట్టేస్తాయి. ఎలుకలు వైర్లు కొరకడం మామూలే. అలాంటి బండి ఉన్నవాళ్ళు దయచేసి ఈసారి ఫోన్ చేసినప్పుడు, "నాన్నా, టైరు మీద చివరి నాలుగు అంకెలు చదవండి", "బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లు చూసి చెప్పండి" అని అడగండి. పెద్దవాళ్ళు నడిపే బండి అది.

షెడ్డులో ఏం చెప్పాలి

దసరా ముందు వారం వెళ్ళకండి, ఆయుధపూజకి అందరూ అప్పుడే ఇస్తారు. సంక్రాంతికి విజయవాడ హైవే ఎక్కే ఆలోచన ఉంటే రెండు మూడు వారాల ముందే చేయించండి, ఏదైనా పార్టు దొరక్కపోతే తెప్పించుకునే టైము ఉండాలి. శనివారాల కంటే మంగళ, బుధవారాలు నయం. పొద్దున మొదటి బండి మీదైతే ఇంకా మంచిది.

జాబ్ కార్డులో "జనరల్ చెకప్", "బ్రేకులు చూడాలి" అని రాయనివ్వకండి. నేను రాయించేది ఇలా ఉంటుంది: నాలుగు చక్రాలూ విప్పాలి, ముందు రెండు వైపులా లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ మందం మి.మీ.లలో రాయాలి, క్యాలిపర్ పిన్నులు తీసి శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పెట్టాలి, వెనక డ్రమ్ములు తెరిచి దుమ్ము తీయాలి, యాక్సిల్ బూట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు ఫోటో తీసి పంపాలి, నన్ను అడగకుండా ఏ టాపప్పూ చేయకూడదు. అడ్వైజర్ లేబర్ చార్జీ విడిగా అవుతుందంటాడు, అవ్వనివ్వండి, మాట్లాడుకుని ముందే బిల్లులో వేయించండి, పాలిష్ తీసేయమనండి. అంకె రాయమన్నారంటే చక్రం విప్పక తప్పదు, అందుకే మిల్లీమీటర్లు అడగడం. మార్చిన పార్టులు కవర్లో పెట్టి ఇవ్వమనండి.

మెకానిక్‌తో నేరుగా ఒక్క నిమిషం మాట్లాడే అవకాశం ఇస్తే వదులుకోకండి. "అన్నా, మొన్న ఘాట్లో ఇలా అయింది, పిల్లలున్నారు బండిలో, లోపలి ప్యాడ్ ఒక్కటి చూసి చెప్పవా" అని అడిగితే కాదన్న మనిషిని నేనింతవరకు చూడలేదు. లిఫ్టు మీద ఉన్నప్పుడు పిలిచి, కడ్డీ పెట్టి మీటి, ఇదిగో సార్ ఇక్కడ పగిలింది అని వేలు పెట్టి చూపించినవాళ్ళే ఎక్కువ.

వచ్చిన అంకెలన్నీ ఒక చిన్న నోటు పుస్తకంలో రాసి డాష్‌బోర్డులో పెడతాను. మొన్నటిది ఇలా ఉంది: 58,300 కి.మీ. ఎడమ ముందు లోపల 8, బయట 8. కుడి ముందు లోపల 7, బయట 8. కుడి కింది పిన్ను కొంచెం గట్టిగా ఉంది, శుభ్రం చేశారు, బూటు కొత్తది వేశారు. కుడి యాక్సిల్ బయటి బూటు మీద సన్న పగులు, ఫోటో ఉంది, దీపావళి లోపల మార్పించాలి. కూలెంట్ మట్టం పోయినసారి గీసిన గీత దగ్గరే ఉంది.